పదిహేను జెర్సీల ఆర్డరు.. ఆరు లక్షల మెషీను

ఫిల్మ్ మీద బొమ్మ వేసి, వేడితో గుడ్డకు అతికించే డీటీఎఫ్ ముద్రణ చిన్న పట్టణాల దాకా వచ్చేసింది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఈ మెషీన్ పెట్టాలనుకునేవాళ్లు షోరూమ్‌లో కనిపించని మూడు సంగతులు చూసుకోవాలి: ఇక్కడి తేమ, ఇక్కడి కరెంటు, ఇక్కడి ఆర్డర్ల లెక్క.

సంక్రాంతికి వారం ముందు ఉత్తరాంధ్ర టీషర్టు షాపుకు వచ్చే ఆర్డరు ఎలా ఉంటుందో ఆ పనిలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. కబడ్డీ జట్టుకు పన్నెండు జెర్సీలు, లేదంటే క్రికెట్ జట్టుకు పదిహేను. ముందువైపు ఊరి పేరు, దాని కింద డబ్బిచ్చిన ఎరువుల కొట్టు పేరు. వెనక ఆటగాడి పేరు, నంబరు. ఏ రెండు జెర్సీలూ ఒక్కలా ఉండవు. ఎల్లుండి టోర్నమెంటు కాబట్టి రేపు రాత్రికల్లా చేతికి రావాలి.

ఆటల మీద ఈ నేలకున్న మోజు కొత్తది కాదు. 1936లో ఇంగ్లండ్ పర్యటనకు భారత క్రికెట్ జట్టును నడిపించిన విజ్జీ విజయనగరం రాజకుటుంబీకుడే. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన కరణం మల్లీశ్వరిది ఆమదాలవలస పక్కనున్న ఊసవానిపేట. జట్టు ఎంత చిన్నదైనా వీపు మీద పేరున్న జెర్సీ వేసుకోవాలన్న కోరిక ఇప్పుడు ఊరూరా ఉంది. ఆ కోరిక తీర్చే పని మాత్రం చాలాసార్లు విశాఖకో తిరుపూరుకో పోతోంది.

కారణం పాత పద్ధతిలోనే ఉంది. స్క్రీన్ ప్రింటింగ్‌లో ఒక్కో రంగుకు ఒక్కో స్క్రీను తయారు చేయాలి. ఒకే బొమ్మను ఐదొందల టీషర్టుల మీద వేయాలంటే దానంత చవకైన దారి లేదు. పదిహేను జెర్సీలకు పదిహేను పేర్లు వేయాలంటే మాత్రం గిట్టదు. ఈ చోటులోకే డీటీఎఫ్ వచ్చింది. పూర్తి పేరు డైరెక్ట్ టు ఫిల్మ్. ఒక్క జెర్సీ అయినా, వంద అయినా, ఎన్ని రంగులున్నా స్క్రీన్ల ఖర్చు ఉండదు. అందుకే నిన్నటిదాకా ఫ్లెక్సీలు వేసిన షాపులు, ఫోటో స్టూడియోలు, ఎంబ్రాయిడరీ యూనిట్లు ఇప్పుడు దీనివైపు చూస్తున్నాయి. ఫ్లెక్సీ షాపులకు ఒక వెసులుబాటు కూడా ఉంది. కోరల్‌డ్రాలో డిజైన్ చేయడం, రిప్ సాఫ్ట్‌వేర్‌తో ప్రింటుకు పంపడం, హెడ్ శుభ్రం చేయడం వాళ్లకు చేయి తిరిగిన పనులు. 2022 ఆగస్టులో అప్పటి ముఖ్యమంత్రి విశాఖలో ప్లాస్టిక్ ఫ్లెక్సీల నిషేధం ప్రకటించి, గుడ్డ బ్యానర్లకు మారమన్నప్పటి నుంచి గుడ్డ మీద ముద్రణ ఆ రంగానికి పట్టించుకోక తప్పని విషయమైంది.

బొమ్మ తిరగేసి.. తెలుపు చివర

డీటీఎఫ్ పని చూడ్డానికి తేలిక. సన్నని పెట్ ఫిల్మ్ మీద మెషీన్ ముందు రంగులు వేస్తుంది. అద్దంలో కనిపించినట్టు బొమ్మ తిరగబడి ఉంటుంది. రంగుల మీద తెల్ల ఇంకు పొర పడుతుంది. గుడ్డకు అతికించినప్పుడు ఈ వరుస తారుమారై తెలుపు అడుగుకు, రంగులు పైకి వస్తాయి. నల్ల టీషర్టు మీద కూడా పసుపు పసుపులాగే కనిపించడానికి ఆ తెలుపే ఆధారం.

ఇంకు తడిగా ఉండగానే దానిమీద జిగురు పౌడరు చల్లుతారు. ఇది వేడికి కరిగే పాలీయూరితేన్ పొడి. తడి ఉన్నచోట అంటుకుంటుంది, మిగతాది దులిపితే రాలిపోతుంది. చిన్న మెషీన్లలో ఈ పని చేత్తో చేస్తారు, పెద్దవాటిలో షేకర్ చూసుకుంటుంది. తర్వాత ఓవెన్ వేడికి పౌడరు కరిగి ఫిల్మ్ వెనక సన్నని జిగురు పొరలా పరుచుకుంటుంది. ఇక హీట్ ప్రెస్ వంతు. కాటన్ అయితే మామూలుగా 150 నుంచి 160 డిగ్రీల దగ్గర పది, పదిహేను సెకన్లు నొక్కి, ఫిల్మ్ లాగేసి, ఇంకోసారి కొద్ది సెకన్లు నొక్కుతారు. ఈ రెండో నొక్కుడును తొందరలో వదిలేసేవాళ్లున్నారు. ఉతుకులకు ప్రింటు నిలబడటంలో దాని పాత్ర పెద్దది.

వేడితో బొమ్మను గుడ్డకు ఎక్కించడం పాత ఆలోచనే. 1957లో ఫ్రాన్స్‌కు చెందిన నోయెల్ ద ప్లాస్ సబ్లిమేషన్ పద్ధతికి దారి వేశాడు. అది పాలిస్టర్ మీద, అదీ లేత రంగుల మీదే పనిచేస్తుంది. నేరుగా గుడ్డ మీదే ముద్రించే డీటీజీ మెషీన్లు కాటన్‌కు బాగుంటాయి కానీ ముదురు రంగు గుడ్డకు ముందుగా ద్రావణం పూయాలి. వినైల్ కట్టింగ్‌లో ఒక్కో అక్షరం చుట్టూ ఉన్న అనవసరపు ముక్కను చేత్తో పీకాలి. తెలుగు గుడులు, వట్రసుడులు, ఒత్తులు ఉన్న పేరుతో ఆ పని ఎంత ఓపిక తీస్తుందో చేసినవాళ్లకే తెలుసు. డీటీఎఫ్ ఈ ముడులన్నీ విప్పింది. కాటన్, పాలిస్టర్, రెండూ కలిసిన గుడ్డ, సంచులు, టోపీలు.. అన్నిటికీ ఒకటే ఫిల్మ్.

ముందు అడగాల్సింది హెడ్ గురించే

మన మార్కెట్లో దొరికే చాలా డీటీఎఫ్ మెషీన్ల మీద పేరు ఏదున్నా లోపలి ప్రింట్ హెడ్ ఎప్సన్‌దే. బాడీ, బోర్డులు చైనావి, బిగింపు ఇక్కడిది. చవక రకాల్లో ఎప్సన్ ఎల్1800 లాంటి ఫోటో ప్రింటర్‌ను డీటీఎఫ్‌కు మార్చి అమ్ముతారు. మధ్యరకంలో ఎక్స్‌పీ600 హెడ్డు, ఆపై రకంలో ఐ3200 హెడ్డు వస్తాయి. ఎక్స్‌పీ600లో 1,080 నాజిళ్లు (ఇంకు చిమ్మే రంధ్రాలు), ఐ3200లో 3,200. మొదటిది ఇంట్లో వాడుకునే ప్రింటర్ కోసం చేసిన హెడ్డు, తెల్ల ఇంకు కోసం పుట్టింది కాదు. రెండోదాన్ని మెషీన్ తయారీదారుల కోసమే ఎప్సన్ అమ్ముతుంది. దాంట్లోనూ రకాలున్నాయి. నీటి ఇంకులకు ఏ1, ఎకో సాల్వెంట్‌కు ఈ1, యూవీకి యూ1. డీటీఎఫ్‌కు కావాల్సింది ఏ1. బిల్లులో ఆ అక్షరం, హెడ్ సీరియల్ నంబరు రెండూ రాయించుకోవాలి.

పెద్ద కంపెనీలు ఈ రంగంలోకి ఆలస్యంగా దిగాయి. జపాన్‌కు చెందిన మిమాకి 2023లో టీఎక్స్‌ఎఫ్150-75 మోడల్‌ను తెచ్చింది. ఎప్సన్ తన సొంత డీటీఎఫ్ ప్రింటర్‌ను 2024లో ప్రకటించింది. వీటి ధర చిన్న పట్టణపు షాపుకు అందేది కాదు. అందుకే ఇక్కడ కొనేది ఎక్కువగా బిగింపు మెషీన్లే. వాటిలో మంచిదీ చెడ్డదీ కంటితో చూసి చెప్పలేం. బ్రోషర్‌లో రాసిన వేగం తక్కువ పాస్‌లతో, అంటే హెడ్డు తక్కువసార్లు తిరిగితే వచ్చే వేగం. అమ్మకానికి పనికొచ్చే ప్రింటు కోసం పాస్‌లు పెంచితే అది తగ్గిపోతుంది. డెమోలో మనం అమ్మబోయే నాణ్యతలోనే వేయమని, గడియారం చూసుకోవాలి.

అన్నిటికన్నా పెద్ద పరీక్ష తెల్ల ఇంకుది. తెలుపు టైటానియం డయాక్సైడ్‌తో వస్తుంది. అది బరువైన పొడి కావడంతో కదలకుండా ఉంటే అడుగుకు దిగిపోతుంది, ట్యూబుల్లో పేరుకుంటుంది, నాజిళ్లకు అడ్డం పడుతుంది. ట్యాంకులో ఇంకును కలియబెట్టే ఏర్పాటు, ట్యూబుల్లో తిప్పే సర్క్యులేషన్ రెండూ లేని మెషీన్ జోలికి వెళ్లకపోవడమే మేలు. డెమోకు వెళ్లినప్పుడు పొద్దున మొదటి నాజిల్ చెక్ మన కళ్లముందే తీయించాలి. ఫిల్మ్ మీద సన్నని మెట్ల గీతలు వరుసగా వస్తాయి. ఎక్కడ గీత తెగితే అక్కడ నాజిల్ మూసుకుపోయినట్టు. తెలుపు గీతలు పారదర్శకమైన ఫిల్మ్ మీద సరిగా కనపడవు కాబట్టి కింద నల్లకాగితం పెట్టి చూడాలి. మెషీన్‌ను నాలుగు గంటలు ఊరికే వదిలేసి, మళ్లీ ఒకటి తీయించి, రెండింటినీ పక్కపక్కన పెడితే అమ్మేవాళ్ల మాటలతో పని ఉండదు.

జూలై గాలిలో పౌడరు

డీటీఎఫ్ గదిలో తేమ 40 నుంచి 60 శాతం మధ్య ఉండాలని తయారీదారులు చెబుతారు. కళింగపట్నం నుంచి భోగాపురం దాకా ఉన్న ఈ తీరంలో వానాకాలంలో తేమ 80 శాతానికి చేరడం మామూలే. హైదరాబాద్ షోరూమ్ ఏసీ గదిలో నిగనిగలాడిన ప్రింటు సోంపేటలో అలాగే వస్తుందన్న భరోసా లేదు.

తేమ ముందుగా పౌడరును పట్టుకుంటుంది. వానల్లో మూత తీసి ఉంచిన ఉప్పు డబ్బాలా అది ఉండకడుతుంది. ఫిల్మ్ పూత చెమ్మ పీల్చి, ఇంకు లేనిచోట కూడా పౌడరు అంటుకుంటుంది. నల్ల టీషర్టు మీద బొమ్మ చుట్టూ తెల్లని చుక్కలు పడేది ఇందువల్లే. సరిగా ఆరని ఫిల్మ్‌ను చుట్టి దాచితే రెండు మూడు రోజులకు పైన నూనెలాంటి తడి తేలుతుంది. గాలి మరీ పొడిబారినా చిక్కే. వేసవి మధ్యాహ్నం ఏసీ పెట్టి తేమను బాగా దించేస్తే హెడ్డు కొసల్లో ఇంకు గట్టిపడుతుంది, స్థిర విద్యుత్తుతో పౌడరు ఎక్కడపడితే అక్కడ అతుక్కుంటుంది.

కాబట్టి మెషీన్ ధరతోపాటు ఏసీ, తేమ తీసే డీహ్యూమిడిఫయర్, గోడకు తేమ కొలిచే హైగ్రోమీటర్ ఖర్చు కూడా మొదటి రోజే లెక్కలో పడాలి. హైగ్రోమీటర్ కొన్ని వందల రూపాయల వస్తువు. లక్షల మెషీన్ పెట్టే గదిలో మెషీన్ రావడానికి నెల ముందే దాన్ని తగిలించి, పొద్దున సాయంత్రం అంకె రాసుకుంటే గదికి ఏం కావాలో తేలిపోతుంది. ఓవెన్ నుంచి పొగ, ఆవిరి వస్తాయి. వాటిని బయటికి పంపే ఏర్పాటు, పౌడరు పట్టేవాళ్లకు మాస్కు తప్పనిసరి. ఇల్లూ షాపూ ఒకటే అయిన చోట, పిల్లలు తిరిగే గదిలో ఈ పని పెట్టకూడదు.

కరెంటు పోతే ఏమవుతుంది?

షేకర్ ఓవెను, హీట్ ప్రెస్, ఏసీ ఒకేసారి నడిస్తే లోడు ఇంటి కనెక్షన్ మోయగలిగేది కాదు. ఈపీడీసీఎల్ ఆఫీసులో లోడు పెంపు, కేటగిరీ సంగతి తేల్చుకున్నాకే అడ్వాన్సు కట్టాలి. యూపీఎస్ మొత్తం యూనిట్‌ను నడపక్కర్లేదు. ప్రింటర్‌నూ, తెల్ల ఇంకు సర్క్యులేషన్‌నూ నడిపితే చాలు. హెడ్డు సగం దారిలో ఆగిపోయి, క్యాప్ మీదికి చేరకుండా గాలికి ఆరితే వచ్చే నష్టం ఆ యూపీఎస్ ధరను మించిపోతుంది.

ఈ తీరానికి తుపాన్ల ముప్పు కూడా ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ, 2021 సెప్టెంబరు 26న కళింగపట్నం దగ్గర దాటిన గులాబ్. తిత్లీ తర్వాత ఉద్దానం పల్లెలు ఎన్నో రోజులు చీకట్లో ఉన్నాయి. అన్ని రోజులు తెల్ల ఇంకు కదలకుండా ఉంటే హెడ్డు మీద ఆశ వదులుకోవాల్సిందే. తుపాను హెచ్చరిక రాగానే తెల్ల ఇంకు లైన్లు ఖాళీ చేసి, శుభ్రం చేసే ద్రావణం నింపి, హెడ్డును క్యాప్ చేయడం ఎలాగో ఇన్‌స్టలేషన్ రోజునే నేర్చుకోవాలి. నేర్పించడం తెలియని ఇంజినీరును పంపే డీలరు దగ్గర కొనకూడదు.

ఎర్ర జెర్సీ మీద తెల్ల నంబరు

డెమోకు ఎవరి గుడ్డ వాళ్లు పట్టుకెళ్లాలి. డీలరు ఇచ్చే తెల్ల కాటన్ టీషర్టు మీద ఏ మెషీన్ అయినా బాగానే వేస్తుంది. సంచిలో ఉండాల్సినవి: నల్ల కాటన్, ఎర్ర పాలిస్టర్ జెర్సీ, స్కూలు యూనిఫాం గుడ్డ, గుడ్డసంచి.

వీటిలో ఎర్ర జెర్సీ అసలు పరీక్ష. పాలిస్టర్‌కు వేసే రంగు వేడికి ఆవిరై పైకి వస్తుంది. ప్రెస్ చేసిన వెంటనే తెల్ల నంబరు మల్లెపువ్వులా ఉంటుంది. మర్నాటికి లేత గులాబీ రంగుకు తిరుగుతుంది. జట్టు కెప్టెన్ వచ్చి కౌంటర్ మీద జెర్సీ పరిచినప్పుడు చెప్పడానికి మాట ఉండదు. తక్కువ వేడికి కరిగే పౌడరు, 130, 140 డిగ్రీల ప్రెస్సు, రంగును అడ్డుకునే నల్ల పౌడరు దీనికి మందులు. ఇవి ఆ మెషీన్ ఓవెన్‌తో కుదురుతాయో లేదో అక్కడే వేయించి, ఆ జెర్సీని ఇంటికి తెచ్చి వారంపాటు చూడాలి.

ప్రింటు వేసిన 24 గంటల దాకా ఉతకకూడదు. ఆ తర్వాత ఇంట్లో ఎలా ఉతుకుతారో అలాగే, సబ్బుపెట్టి, బండమీద బాది మరీ ఉతకాలి. ఎగుమతి యూనిట్లు ఉతుకుడికి ఐఎస్‌ఓ 105-సీ06, రాపిడికి ఐఎస్‌ఓ 105-ఎక్స్12 ప్రమాణాలు అడుగుతాయి. అచ్యుతాపురంలోని బ్రాండిక్స్ లాంటి పెద్ద దుస్తుల పార్కుల చుట్టూ పని పట్టాలనుకునేవాళ్లకు ఆ నివేదికలు కావాలి. ఊరి జట్టుకు కావాల్సింది చాకిరేవు పరీక్ష. ఇరవై ఉతుకుల తర్వాత అంచులు లేచాయా, లాగితే పగుళ్లు పడ్డాయా, సన్నని ఒత్తులు రాలాయా అన్నది చూడాలి. తెలుగు పేర్లలో ముందుగా ఊడేది ఈ ఒత్తులే. అంత చిన్న ముక్కకు జిగురు చాలినంత పట్టదు.

మీటరు లెక్క

డీటీఎఫ్‌లో కొలత మీటరు. 60 సెంటీమీటర్ల వెడల్పు ఫిల్మ్ మీద అంచులు పోను 28 x 20 సెంటీమీటర్ల బొమ్మలు మీటరుకు పది పడతాయి. లెక్క ఎలా వేసుకోవాలో చూడటానికి కొన్ని అంకెలు అనుకుందాం. మెషీన్, షేకర్, ప్రెస్, యూపీఎస్, ఏసీ అన్నీ కలిపి 6 లక్షలు. బ్యాంకు వాయిదా, అద్దె, హెడ్డు కోసం పక్కన పెట్టే డబ్బు కలిపి నెలకు 30 వేలు. ప్రింటును బయట మీటరు లెక్కన కొనే ధరకూ, సొంతంగా వేసుకుంటే ఇంకు, ఫిల్మ్, పౌడరుకు అయ్యే ఖర్చుకూ తేడా 100 రూపాయలు. అప్పుడు నెలకు 300 మీటర్లు వేస్తేనే సరికి సరి. ఇరవై ఐదు పనిరోజులకు రోజుకు 12 మీటర్లు. అంటే రోజూ 120 బొమ్మలు.

పాలకొండకో చీపురుపల్లికో ఉన్న ఒక్క షాపుకు ఏడాది పొడవునా రోజుకు నూట ఇరవై బొమ్మల పని వస్తుందా? సంక్రాంతికి వస్తుంది. విజయనగరంలో దసరా తర్వాతి మంగళవారం పైడితల్లి సిరిమానోత్సవానికి, అరసవల్లి రథసప్తమికి సేవాసంఘాల టీషర్టులు వస్తాయి. జూన్‌లో బడి యూనిఫాంల బ్యాడ్జీలు, ఫిబ్రవరి, మార్చిలో ఎచ్చెర్ల, రాజాం, విజయనగరం కాలేజీల పండుగలు ఉంటాయి. మధ్యలో మిగిలేవి ఖాళీ నెలలు. ఆ 12 మీటర్లు కూడా రెండు ఐ3200 హెడ్ల మెషీన్‌కు గంటా రెండు గంటల పని. మిగతా రోజంతా తెల్ల ఇంకు ఊరికే ఉంటుంది, క్లీనింగ్‌కు ఇంకు ఖర్చవుతుంది. ఈ మెషీన్‌కు పని ఎక్కువై వచ్చే చిక్కుకన్నా పని లేక వచ్చే చిక్కు పెద్దది.

అప్పు తెచ్చే ముందు

కొత్త యూనిట్ పెట్టేవాళ్లకు కేంద్ర ప్రభుత్వ పీఎంఈజీపీ పథకం ఉంది. పల్లె ప్రాంతంలో జనరల్ వర్గానికి ప్రాజెక్టు ఖర్చులో 25 శాతం, మహిళలు, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలు, మాజీ సైనికుల వంటివారికి 35 శాతం రాయితీ వస్తుంది. 6 లక్షల ప్రాజెక్టుకు రెండో వర్గం సొంతంగా పెట్టాల్సింది 5 శాతం, అంటే 30 వేలు. రాయితీ 2 లక్షల 10 వేలు. ఆ డబ్బు చేతికి రాదు. మూడేళ్లు బ్యాంకులోనే ఉండి, యూనిట్ నడుస్తోందని తేలాక అప్పులో సర్దుతారు. సైన్యంలో పనిచేసి ఊరికొచ్చినవాళ్లు ఎక్కువున్న శ్రీకాకుళం జిల్లాలో ఈ అవకాశం చాలామందికి వర్తిస్తుంది. ఇప్పటికే నడుస్తున్న షాపులో ఇంకో మెషీన్ చేర్చడానికి మాత్రం ఇది వర్తించదు. అలాంటివాళ్లు తాకట్టు లేని ముద్ర రుణం వైపు చూడొచ్చు.

పొందూరు ఖాదీ జోలికి వద్దు

శ్రీకాకుళం జిల్లాలోనే పొందూరు ఉంది. కొండపత్తి దూదిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి, చేత్తో వడికి, మగ్గం మీద నేసే ఖాదీ అది. గాలి ఆడటం ఆ గుడ్డ గుణం. డీటీఎఫ్ ప్రింటు ఎంత మెత్తగా ఉన్నా చివరికి ప్లాస్టిక్ పొరే. దాని వెనక గాలి ఆడదు, చెమట పడుతుంది. అంత పనితనం ఉన్న గుడ్డ మీద ఈ పొర అతికించడం నేతగాడి శ్రమను చెరపడమే. టీషర్టు మీద కూడా ఛాతీ నిండా ఒకే ముద్దగా బొమ్మ వేయకుండా, మధ్య మధ్య ఖాళీలు వదిలి డిజైన్ చేస్తే ఉక్కపోత తగ్గుతుంది, ఇంకూ మిగులుతుంది.

డీలరును అడగాల్సినవి

• హెడ్డు రకం ఏమిటి? వారంటీ హెడ్డుకు కూడా ఉందా, బాడీకేనా?
• ఇంజినీరు ఎక్కడి నుంచి వస్తాడు? విశాఖలో ఉంటాడా, హైదరాబాద్ నుంచి రావాలా? ఎన్ని గంటల్లో వస్తానని రాసిస్తారు?
• డ్యాంపర్లు, క్యాప్, పంపు, వైపర్ విశాఖలో దొరుకుతాయా?
• ఇంకు, ఫిల్మ్, పౌడరు వేరేచోట కొంటే వారంటీ పోతుందా?
• రిప్ సాఫ్ట్‌వేర్ అసలుదేనా? లైసెన్సు ఎవరి పేరున ఉంటుంది?
• ఏడాదికి పైగా ఇదే మెషీన్ నడుపుతున్న తీరప్రాంత షాపు ఏది? మీరు లేకుండా మేం వెళ్లి చూడొచ్చా?

చివరి ప్రశ్నకు జవాబు రాకపోతే మిగతా జవాబులను నమ్మడం కష్టం.

ఇన్ని చూశాక, మొదటి అడుగుగా మెషీన్ కొనకపోవడమే చాలామందికి తెలివైన పని. పెద్ద ఊళ్లలో ఫిల్మ్‌ను మీటరు లెక్కన ప్రింటు వేసి కొరియర్‌లో పంపే యూనిట్లు ఉన్నాయి. మంచి హీట్ ప్రెస్ ఒక్కటి కొనుక్కుని, పేర్లు, నంబర్లు, లోగోలు ఒకే షీటులో ఖాళీ లేకుండా సర్దడం నేర్చుకుంటే సంక్రాంతి జెర్సీల పని షాపు నుంచే నడుస్తుంది. ప్రతి నెలా ఎన్ని మీటర్లు తెప్పించామో పుస్తకంలో రాసుకుంటే సొంత మెషీన్‌కు వేళ అయిందో లేదో ఆ అంకెలే చెబుతాయి. రాజాం, బొబ్బిలి, పార్వతీపురం లాంటి చోట్ల నాలుగైదు షాపులు కలిసి ఒకే మెషీన్ పెట్టుకున్నా లెక్క కుదురుతుంది. రోజూ పని ఉంటుంది, తెల్ల ఇంకు కదులుతూ ఉంటుంది, హెడ్డు ఖర్చు పంచుకోవచ్చు.

సొంతంగా కొనక తప్పదనుకునేవాళ్లు డెమోకు జూలైలోనే వెళ్లాలి. గాలి బాగా తడిగా ఉన్నప్పుడు సరిగా వేసిన మెషీన్ మిగతా నెలల్లో పెద్దగా ఇబ్బంది పెట్టదు. ఆగస్టుకల్లా బిగిస్తే పైడితల్లి పండుగకు ముందు చేయి తిరగడానికి రెండు నెలల వ్యవధి ఉంటుంది. ఆ రెండు నెలల్లో తెలిసిన జట్లకు పాతిక జెర్సీలు వేసిచ్చి, ఉతుకుల లెక్క వాళ్లనే రాయమంటే, దసరా ఆర్డరు తీసుకునేటప్పుడు ఎన్ని ఉతుకులకు హామీ ఇవ్వొచ్చో షాపువాళ్లకు తేటగా తెలుస్తుంది.